తొలినాటి ధ్వనిముద్రణల అన్వేషణ: ప్రజావాగ్గేయకారుల పాటల అధ్యయనంలో శ్రవ్య ఆధారం

వ్యాస సంగ్రహం: తెలుగు ప్రజావాగ్గేయకారుల పాటలపై జరిగిన పరిశోధన ఎక్కువగా అచ్చయిన పాటల పుస్తకాల మీద ఆధారపడింది. గొంతుతో పుట్టి గుంపులో పెరిగిన పాటకు అచ్చుప్రతి ఒక పార్శ్వం మాత్రమే. గద్దర్ తొలినాటి పాటలను ప్రధాన ఉదాహరణగా, వరంగల్లు సమీపంలోని మడికొండ ప్రాంతాన్ని క్షేత్రనమూనాగా తీసుకొని, తొలి ధ్వనిముద్రణలను గుర్తించే, కాలనిర్ణయం చేసే, భద్రపరిచే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ప్రజావాగ్గేయకారుడు, ధ్వనిముద్రణ, క్యాసెట్, గద్దర్, జననాట్యమండలి, కర్తృత్వం, మడికొండ.

1. ప్రవేశిక

జానపద బాణీని ఆధునిక వాద్యసమ్మేళనంతో కలిపి, తానే రాసి తానే పాడే గాయకుడిని పాశ్చాత్యులు ఫోక్ రాక్ గాయక కవి అంటారు. ఈ శాఖకు బాబ్ డిలాన్ ప్రసిద్ధ ప్రతినిధి. ఆయన తొలి ఆల్బమ్ 1962లో వచ్చింది. 1967లో ఒక ఇంటి నేలమాళిగలోనూ ఆ చుట్టుపక్కలా చేసిన అనధికార ముద్రణలు చేతులు మారుతూ తిరిగి, వాటిలో కొన్ని 1975లో అధికారికంగా వెలువడ్డాయి. 1991 నుంచి ఆయన విడుదల కాని ముద్రణలు వరుస సంపుటాలుగా వస్తున్నాయి. వాటివల్ల డిలాన్ అధ్యయనం తీరే మారింది. పూర్తయిన పాటను వ్యాఖ్యానించడంతో ఆగక, పాట తయారైన క్రమాన్ని పరిశీలించే వీలు విమర్శకులకు కలిగింది.

తెలుగులో ఈ కోవకు దగ్గరివాడు ప్రజావాగ్గేయకారుడు. గిటారు, డ్రమ్సు స్థానంలో ఇక్కడ డప్పు, డోలక్, గజ్జెలు ఉంటాయి. స్టూడియోకు బదులు ఊరి నడుమ సభ ఉంటుంది. రాసినవాడే పాడటం, జానపద బాణీలో వర్తమానాన్ని పలికించడం రెండింటికీ సమానం. అయితే తెలుగు పరిశోధనలో పాట పాఠానికి దక్కిన శ్రద్ధ పాట ధ్వనికి దక్కలేదు. గూడ అంజయ్య 2016లో, వంగపండు ప్రసాదరావు 2020లో, గద్దర్ 2023లో కన్నుమూశారు. కర్తలను అడిగి తెలుసుకునే అవకాశం తగ్గిపోతున్న కొద్దీ మిగిలిన ముద్రణల విలువ పెరుగుతుంది. అవి కూడా పాడైతే పరిశోధకునికి అచ్చుప్రతి తప్ప మరో సాక్ష్యం ఉండదు.

2. ‘తొలి ముద్రణ’ అంటే ఏది?

ఒక పాటకు నాలుగు కాలాలుంటాయి: పాట కట్టిన కాలం, పాడిన కాలం, ఆ పాడటాన్ని ముద్రించిన ప్రతి బయటికి వచ్చిన కాలం, నేడు చేతికందిన ప్రతిని తీసిన కాలం. ఈ నాలుగింటినీ కలిపివేయడమే కాలనిర్ణయంలో వచ్చే చిక్కులకు మూలం.

‘మాభూమి’ చిత్రం దీనికి తగిన ఉదాహరణ. కృష్ణచందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన ఈ చిత్రం 1980లో విడుదలైంది. ఇందులో బండి యాదగిరి ‘బండెనక బండి కట్టి’, సుద్దాల హనుమంతు ‘పల్లెటూరి పిల్లగాడ’ పాటలున్నాయి. రెండూ తెలంగాణ సాయుధపోరాటకాలపు వాతావరణంలో పుట్టినవి. అంటే పాట పుట్టుకకూ ఈ ముద్రణకూ మధ్య మూడు దశాబ్దాలకు పైగా ఎడం ఉంది. ‘బండెనక బండి కట్టి’ని తెరపై పాడుతూ కనిపించేది గద్దర్. కాబట్టి ఆ ముద్రణ గద్దర్ గాయక జీవితపు తొలిదశకు విలువైన సాక్ష్యం. బండి యాదగిరి కాలపు గానశైలికి మాత్రం దాన్ని నేరుగా సాక్ష్యంగా చూపలేము. ఒకే ముద్రణ ఒక ప్రశ్నకు ప్రాథమిక ఆధారమూ, మరొక ప్రశ్నకు ద్వితీయ ఆధారమూ కాగలదు.

3. గద్దర్ పాటలు: గొంతు, కర్తృత్వం

మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌కు, బి. నర్సింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ బృందంతో ఏర్పడిన పరిచయం మలుపు అయింది. 1971 నాటి ‘ఆపుర రిక్షా’ ఆయన తొలి పాటగా ప్రసిద్ధం. 1972లో జననాట్యమండలి ఏర్పడింది. తొలి పాటల సంపుటికి గదర్ పార్టీ స్మృతిలో పెట్టిన ‘గద్దర్’ అనే పేరే క్రమంగా కవి పేరయింది. ఈ విషయం పరిశోధకునికి ఒక హెచ్చరిక. తొలినాళ్లలో ఆ పేరు సంపుటిదా, వ్యక్తిదా అన్నది సందర్భాన్ని బట్టి తేల్చుకోవలసి ఉంటుంది.

కర్తృత్వ సమస్య ఇక్కడితో ఆగదు. ఉద్యమ సంస్థల పాటల్లో కర్త పేరు వెనక్కి పోయి, సంస్థ పేరు ముందుకు రావడం సహజం. సభలో పాడిన గొంతే జనం జ్ఞాపకంలో కర్తగా నిలుస్తుంది. ‘ఊరు మనదిరా’ పాట రాసినది గూడ అంజయ్య. ఊరూరా పాడిన గాయకుల పేరిట దాన్ని తలచుకునేవారు నేటికీ ఉన్నారు. దీనికి తిరుగుముఖమైన ఉదాహరణ 1995 నాటి ‘ఒరేయ్ రిక్షా’ చిత్రం. అందులో చెల్లెలిని ఉద్దేశించిన పాట గద్దర్ రచన. చిత్రంలో దాన్ని పాడినది వందేమాతరం శ్రీనివాస్. ఆ పాటకు వచ్చిన నంది పురస్కారాన్ని గద్దర్ స్వీకరించలేదు. ముద్రణలో వినిపించే గొంతు ఒకరిదైనంత మాత్రాన కర్త వారే అనుకోరాదని, కర్త తెలిసినంత మాత్రాన గానశైలి తెలిసినట్టు కాదని ఈ రెండు పాటలూ చెబుతాయి.

అచ్చుప్రతి దాటవేసే అంశాలు మరికొన్ని ఉన్నాయి. గద్దర్ ప్రదర్శనలో చరణానికీ చరణానికీ నడుమ వచనం ఉంటుంది; వంతపాట, గజ్జెల అడుగు, సభికుల స్పందన పాట నిడివిని నిర్ణయిస్తాయి. పుస్తకంలో నాలుగు చరణాలున్న పాట సభలో ఎంతసేపైనా సాగవచ్చు. ఊరి పేరు, దొర పేరు, అప్పటి సంఘటన చరణంలోకి వచ్చి చేరవచ్చు. ఒకే పాటకు దొరికిన రెండు ముద్రణల తేడాలను ఎత్తిరాసి పోల్చడం తాళపత్రాల పాఠాంతర పరిశీలన వంటిదే. ఒక భేదం మాత్రం ఉంది. ఇక్కడ ‘మూలపాఠం’ ఒకటి ఉండి తీరాలన్న నియమం లేదు. ప్రతి ప్రదర్శనా ఒక పాఠమే.

4. క్షేత్రనమూనా: మడికొండ

హైదరాబాదు–వరంగల్లు రహదారిపై కాజీపేట జంక్షనుకు చేరువలో ఉన్న మడికొండ, నేడు మహా వరంగల్ నగరపాలక సంస్థ పరిధిలోనిది. కాళోజీ నారాయణరావు పెరిగిన ఊరు. కవి పల్లా దుర్గయ్య ఊరు. తెలుగు జానపద గేయసాహిత్యంపై ఉస్మానియాలో పరిశోధించి ఆ రంగానికి బాట వేసిన బిరుదురాజు రామరాజు స్వగ్రామం దేవునూరు ఇక్కడికి దూరం కాదు. తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం, కాకతీయ విశ్వవిద్యాలయం రెండూ వరంగల్లులోనే ఉన్నాయి. పల్లె, రైల్వే కార్మికవాడ, విద్యార్థి లోకం ఒకదానికొకటి ఇంత చేరువగా ఉన్నచోట పాట ఒకరి నుంచి ఒకరికి త్వరగా పాకుతుంది.

ఇటువంటి ఊరిలో అన్వేషణ ఎక్కడ మొదలుపెట్టాలి? 1980, 90 దశకాల్లో క్యాసెట్ మూడు దారుల్లో తిరిగింది. మొదటిది సంస్థలూ కంపెనీలూ వెలువరించిన అచ్చు లేబులు క్యాసెట్. రెండవది దుకాణంలో ఖాళీ క్యాసెట్‌లో పాటలు ఎక్కించుకున్న ప్రతి. మూడవది సభలో ఎవరో టేప్‌రికార్డరు పెట్టి పట్టుకున్న ప్రత్యక్ష ముద్రణ. పరిశోధనకు మూడవదే అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా అరుదైనది. వీటి ఆచూకీ మైక్‌సెట్లు నడిపినవారి దగ్గర, పాత క్యాసెట్ దుకాణదారుల దగ్గర, ఉపాధ్యాయ, కార్మిక సంఘాల పాత కార్యకర్తల ఇళ్లలో వెతకాలి.

భాష విషయంలోనూ ఈ క్షేత్రానికి ప్రాధాన్యం ఉంది. జనం నోట పలికే భాషే రాతకు రావాలని కాళోజీ వాదించాడు. ఆయన జయంతి సెప్టెంబరు 9ని తెలంగాణ భాషాదినోత్సవంగా జరుపుకోవడం ఆ వాదానికి గుర్తింపే. అచ్చులో ‘వచ్చిండు’ అని ఉన్నచోట గాయకుడు ‘అచ్చిండు’ అని పలికి ఉండవచ్చు. అచ్చుకూర్పరి సవరించిన మాండలిక రూపాన్ని తిరిగి తెలుసుకోవడానికి గొంతు తప్ప మరో దారి లేదు.

5. క్యాసెట్‌ను ఆధారంగా చదవడం

ఫిలిప్స్ సంస్థ 1963లో ప్రవేశపెట్టిన క్యాసెట్‌లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు అరగంట పడుతుంది. చౌకగా దొరకడం, ఎవరైనా ప్రతి తీసుకోగలగడం దాని బలం. ఆ బలమే పరిశోధకునికి చిక్కు తెస్తుంది. ప్రతికి ప్రతి తీసిన కొద్దీ రొద పెరిగి, స్పష్టత తగ్గుతుంది.

కాలనిర్ణయానికి బాహ్య, అంతర ఆధారాలు రెండూ కావాలి. డబ్బా మీది చేతిరాత, లేబులు, తయారీదారు పేరు బాహ్య ఆధారాలు. ఖాళీ క్యాసెట్ మార్కెట్లోకి వచ్చిన ఏడాది ‘అంతకుముందు కాదు’ అని చెప్పగలదు, ‘అప్పుడే’ అని చెప్పలేదు. ఒక పాట మీద మరొకటి ఎక్కించినప్పుడు చివర మిగిలిపోయిన పాత ముక్క కూడా సాక్ష్యమే. నినాదాలు, వక్త ప్రస్తావించిన సంఘటన, మృతవీరుల పేర్లు అంతర ఆధారాలు. గద్దర్ 1985 నుంచి అజ్ఞాతంలో ఉండి 1990 ఫిబ్రవరిలో హైదరాబాదు నిజాం కళాశాల మైదానపు సభతో తిరిగి జనం ముందుకొచ్చారు. అదే ఏడాది మేలో వరంగల్లులో రైతుకూలీసంఘం మహాసభ జరిగింది. నగర బహిరంగసభ వాతావరణం స్పష్టంగా వినిపించే గద్దర్ ముద్రణను ఆ నడుమటి ఏళ్లకు చేర్చడానికి గట్టి ఆధారం కావాలి. రైలుకూత వినిపించినంత మాత్రాన అది కాజీపేట పరిసరాల్లోని సభ అనడం కూడా తొందరపాటే.

శ్రుతి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బ్యాటరీ బలహీనపడిన టేప్‌రికార్డరు నెమ్మదిగా తిరుగుతూ ముద్రిస్తుంది. ఆ టేపును సరైన వేగంతో వింటే గొంతు హెచ్చు శ్రుతిలో, తాళం త్వరగా వినిపిస్తుంది. దాన్ని నమ్మి ‘తొలినాళ్లలో గాయకుడు పైస్థాయిలో పాడేవాడు’ అని తేల్చితే యంత్రదోషం శైలీలక్షణం అయిపోతుంది. సభలో కరెంటుతో నడిచిన మైక్‌సెట్ రొద టేపులోకి చేరి ఉంటే అదే కొలబద్ద. మన విద్యుత్ సరఫరా పౌనఃపున్యం 50 హెర్ట్జ్. ఆ రొద 50 దగ్గరికి, దాని రెట్టింపు 100 దగ్గరికి వచ్చేలా వేగం సరిచేస్తే గొంతు అసలు స్థాయికి దగ్గరవుతుంది. అయితే ఆ రొద ప్రతి తీసినప్పుడు చేరినదో, సభలోదో ముందుగా తేల్చుకోవాలి.

6. సంరక్షణ, హక్కులు

దొరికిన క్యాసెట్‌ను వెంటనే ప్లేయరులో పెట్టి వినడం సరికాదు. ముందు బూజు, ముడతలు, ఊడిన ఒత్తుడు మెత్త ఉన్నాయేమో చూడాలి. పొరపాటున చెరిగిపోకుండా అంచున ఉండే రక్షణపలకలను విరవాలి. ప్లేయరు తలలు శుభ్రం చేసి, టేపుకు అనుగుణంగా వాటి వాలు సరిచేశాకే డిజిటల్ ప్రతి తీయాలి. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్థాయిని, వీలైతే 96 కిలోహెర్ట్జ్‌ను సూచిస్తుంది. కుదింపులేని వేవ్ రూపంలో మూలప్రతిని దాచి, రొద తగ్గించిన ప్రతిని వేరుగా ఉంచాలి. మూలప్రతిని ‘శుభ్రం’ చేస్తే పైన చెప్పిన కరెంటు రొద వంటి సాక్ష్యం పోతుంది. 1982లో ఏర్పడి, నేడు గురుగ్రామ్‌లో ఉన్న సంగీతజాతిశాస్త్ర భాండాగారం ఇటువంటి పనికి మనదేశంలోనే ఉన్న నమూనా.

దొరికిన ముద్రణను అందరికీ వినిపించవచ్చా అన్నది వేరే ప్రశ్న. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం సాహిత్యానికి, సంగీతానికి కర్త మరణానంతరం 60 ఏళ్లు, ప్రచురితమైన ధ్వనిముద్రణకు 60 ఏళ్లు, ప్రదర్శకుని హక్కుకు 50 ఏళ్లు రక్షణ ఉంది. ఆ లెక్కన గద్దర్ రచనలకు 2083 చివరి వరకు రక్షణ ఉంటుంది. చట్టానికి మించి నైతికబాధ్యత కూడా ఉంది. రహస్యంగా పాడిన గొంతులు, పేర్లు పలికిన కార్యకర్తలు, వారి కుటుంబాలు నేటికీ ఉండవచ్చు. టేపు ఇచ్చినవారి అనుమతిని, అందులోని వ్యక్తుల భద్రతను ప్రచురణకు ముందే పరిగణించాలి.

7. ముగింపు

పై చర్చ నుంచి తేలే నిర్ధారణలు ఇవి:

• పాట కట్టిన, పాడిన, బయటికి వచ్చిన, ప్రతి తీసిన కాలాలను విడివిడిగా నమోదు చేయాలి.

• ముద్రణలోని గొంతును కర్తృత్వానికి రుజువుగా తీసుకోరాదు. ‘ఊరు మనదిరా’ వంటి పాటల్లో అసలు కర్తకు న్యాయం జరగడానికి ఇది అవసరం.

• శ్రుతి, లయలపై నిర్ధారణకు ముందు టేపు వేగాన్ని పరీక్షించాలి.

• అచ్చుప్రతిలో లేని వచనం, వంత, మాండలిక ఉచ్చారణలను పాఠంలో భాగంగా ఎత్తిరాయాలి.

ఒక్కో పరిశోధకుడు ఒక్కో మండలాన్ని తీసుకొని, మిగిలిన క్యాసెట్ల పట్టిక తయారుచేసినా వరంగల్లు ప్రాంతపు పాటల చరిత్రకు గట్టి పునాది పడుతుంది. జానపద పీఠమూ విశ్వవిద్యాలయమూ చేతికందే దూరంలో ఉన్న మడికొండ ప్రాంతం ఆ పనికి అనువైన ఆరంభస్థానం. టేపు మీది అయస్కాంతపు పూత ఏటికేడు బలహీనపడుతుంది. ఆ క్యాసెట్లు ఎప్పుడు, ఎక్కడ, ఎవరు పట్టినవో చెప్పగలిగినవారి వయసూ పెరుగుతోంది. అందుచేత ప్రతి తీయడంతోపాటే వారి మాటలనూ ముద్రించాలి.