మా తొమ్మిది గళ్ల పొలం

2025 జూలై 30. ఇక్కడ మేరీల్యాండ్‌లో పొద్దున్న 8:10. పిల్లల సమ్మర్ క్యాంప్‌కి లంచ్ బాక్సులు సర్దుతూ, ఫోన్‌ని పోపుల డబ్బాకి ఆనించి శ్రీహరికోట లైవ్ చూస్తున్నాను. అక్కడ సాయంత్రం 5:40. నైసార్ ఉపగ్రహాన్ని మోసుకుని జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 లేచింది. "మళ్లీ రాకెట్టేనా?" అంటూ మా వారు కాఫీ కప్పుతో వెళ్లిపోయారు.

నాకు ఆ రోజు అది వట్టి రాకెట్ కాదు. అంతకు రెండు వారాల ముందే మా తమ్ముడు ఊరి నుంచి ఒక కాగితం పంపాడు. నాన్నగారి రెండెకరాలూ చేపల చెరువుకి లీజుకిచ్చే ఒప్పందం. మాది కొల్లేటి పక్క ఊరు. పొలంలో నా పేరు కూడా ఉంది కాబట్టి నా సంతకం కావాలి. ఇలాంటి కాగితాలు మనలో చాలామందికి వస్తూనే ఉంటాయి. వీలు చూసుకుని చేసేస్తాం, లేదా వాయిదా వేస్తాం. చూడకుండా సంతకం పెట్టబుద్ధి కాలేదు నాకు. వెళ్లి చూసి రావాలంటే టికెట్లు, సెలవులు. అందుకని ఆకాశం నుంచి చూద్దామని కూర్చున్నాను.

ఇదేమంత గొప్ప విద్య కాదు. అమెరికా 1972లో మొదటి ల్యాండ్‌శాట్‌ని పంపింది. 1979 నాటికే మన హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్ కేంద్రం ఆ ఉపగ్రహాల సంకేతాలను అందుకోవడం మొదలుపెట్టింది. అంటే ఈ ఇచ్చిపుచ్చుకోవడం నైసార్‌తో పుట్టింది కాదు, నా చిన్నప్పటి నుంచీ ఉన్నదే. కాకపోతే ఆ చిత్రాలు అప్పట్లో కొనుక్కోవాలి, ఒక్కోటి వందల డాలర్లు. 2008లో అమెరికా వాటన్నిటినీ ఉచితం చేసింది. తర్వాత యూరప్ వాళ్లు తమ సెంటినెల్ చిత్రాలనూ అలాగే ఇచ్చారు. సొంత ఉపగ్రహం లేని దేశాలు కూడా ఇప్పుడు తమ అడవుల్నీ చెరువుల్నీ లెక్క చూసుకుంటున్నాయంటే ఆ నిర్ణయాల చలవే. నాలాంటిది వంటింటి బల్ల మీద కూర్చుని పుట్టింటి పొలం చూడగలగడం కూడా.

ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో గడి నేల మీద 30 మీటర్లు. లెక్క వేసి చూస్తే మా రెండెకరాలు సరిగ్గా తొమ్మిది గళ్లు! నాన్నగారు జీవితమంతా ధారపోసిన నేల.

పాత చిత్రాల్లో కొల్లేరు అంచులు తిన్నగా ఉండవు. నీళ్లు ఎక్కడ ఆగితే అక్కడే అంచు. తర్వాతి చిత్రాల్లో గీతలు పడ్డాయి, గీతల మధ్య నలుచదరాలు. అవే చేపల చెరువులు. కొల్లేటిని అయిదో కాంటూరు దాకా 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకీ ఎక్కింది. 2006లో ఆ హద్దులో ఉన్న చెరువుల గట్లను అధికారులు కూల్చేశారు. దాని తర్వాతి చిత్రంలో గీతలు చెదిరి కనిపిస్తాయి. ఇంకొన్నేళ్లు ముందుకి వెళ్తే మళ్లీ గీతలు.

సెంటినెల్ చిత్రాల్లో గడి ఇంకా చిన్నది కాబట్టి మా పొలం కొంచెం వివరంగా కనిపించింది. గత రెండేళ్ల దాళ్వా రోజుల్లో చుట్టూ కొన్ని చోట్ల పచ్చగా ఉంటే మాది మాత్రం వెలిసిపోయి ఉంది. కౌలుకి తీసుకున్నాయన శ్రద్ధ పెట్టలేదనుకున్నాను. సార్వా సంగతి చూద్దామంటే ఆగస్టు, సెప్టెంబరు చిత్రాల నిండా మబ్బులే.

నైసార్ మీద నా ఆశ అక్కడే. అది రాడార్‌తో చూస్తుంది. దానికి మబ్బూ చీకటీ అడ్డం కావు. 24 సెంటీమీటర్ల తరంగం పంపే ఎల్-బ్యాండ్ రాడార్ నాసాది, అంతకన్నా పొట్టి తరంగం పంపే ఎస్-బ్యాండ్ ఇస్రోది. రెండిటికీ కలిపి 12 మీటర్ల ఒకే గొడుగు, బంగారు పూత పూసిన తీగల వలతో. ఒప్పందం 2014లో కుదిరితే ఎగరడానికి పదకొండేళ్లు పట్టింది. (మన కుటుంబాల్లో ఉమ్మడి ఇల్లు కట్టడానికి కూడా అంతే పడుతుంది లెండి.) ప్రతి 12 రోజులకీ అదే నేల మీదికి తిరిగొస్తుంది. నిశ్చలంగా ఉన్న నీటి మీద రాడార్ తరంగం జారి అవతలికి పోతుంది కాబట్టి నీళ్లు నల్లగా కనిపిస్తాయి. పైరు నుంచి తిరిగొస్తుంది కాబట్టి పొలం తేటగా ఉంటుంది. ఏ పొలం చెరువైందో వానాకాలంలో కూడా దాగదన్నమాట.

దాగకపోతే మాత్రం ఏమవుతుంది? బ్రెజిల్‌ని చూడండి. ల్యాండ్‌శాట్ చిత్రాలతో 1988 నుంచి అమెజాన్ నరికివేతని ఏటా లెక్కగడుతోంది. చైనాతో కలిసి ఉపగ్రహాలు కూడా చేసుకుంది. లెక్క ఉన్నా 2004లో దాదాపు 27,700 చదరపు కిలోమీటర్ల అడవి పోయింది. ఆ ఏడాది నుంచే ఎక్కడ కొడుతున్నారో వెంటవెంటనే చెప్పే పద్ధతి పెట్టారు. ఆ కబురు అందుకుని తనిఖీ వాళ్లు అడవిలోకి వెళ్లారు, జరిమానాలు పడ్డాయి, తప్పు చేసినవాళ్లకి బ్యాంకు అప్పులు బిగిశాయి. 2012కి అది 4,600 లోపుకి దిగింది. పట్టు సడలాక మళ్లీ పెరిగింది. ఈ సడలిన ఏళ్లలో కూడా ఉపగ్రహాలు ఫొటోలు తీస్తూనే ఉన్నాయి.

ఇదంతా చదివిన ఊపులో తమ్ముడికి ఫోన్ చేశాను. చిత్రాలు చూపించి, అయిదో కాంటూరు గురించి చెప్పి, "కొల్లేటిని మనమే పూడ్చేస్తామా?" అని కొంచెం గట్టిగానే అడిగాను.

వాడు మాట్లాడకుండా అంతా విన్నాడు.

"అక్కా, దాళ్వా రెండేళ్లు పోయిందని నీ ఫొటోలో కనపడింది. ఎందుకు పోయిందో కనపడిందా?"

పక్క పొలం చెరువు చేశారట. దాని ఊట మా చేలోకి వచ్చి వరి వేళ్లు కుళ్లిపోయాయి. కౌలు రైతు మొదటి ఏడాది నష్టపోయాడు, రెండో ఏడాది దణ్ణం పెట్టి వదిలేశాడు. ఆయన శ్రద్ధ లేనివాడని నేను ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పేశాను. పక్క చెరువుకి అనుమతి ఉందా అని తమ్ముడు ఒక ఆఫీసుకి రెండుసార్లు వెళ్లి అడిగాడట, కాగితం చూపించలేదట.

వెనక నుంచి అమ్మ గొంతు. "దానికి చెప్పరా, బావి నీళ్లు కూడా మారాయని. పప్పు ఉడకట్లేదు."

ఇది ఏ బ్యాండ్‌లోనూ రాదు. పైనుంచి వచ్చిన చిత్రాన్ని నేల మీద నిలబడి సరిచూసుకోవాలని శాస్త్రవేత్తలు ఎప్పుడూ చెప్పే మాటే. మా ఇంట్లో ఆ పని తమ్ముడూ అమ్మా చేస్తున్నారు, నాకు తెలియకుండా.

సంతకం ఇంకా పెట్టలేదు. పెట్టనని కూడా అనలేకపోతున్నాను. పొలం బీడు పడితే పదమూడు వేల కిలోమీటర్ల అవతల నాకేం పోదు, వాడికి పోతుంది. మా సర్వే నంబరు అభయారణ్యం హద్దు లోపలా బయటా అన్నది ముందు రాతపూర్వకంగా అడగమన్నాను. పక్క చెరువు ఏ నెల నుంచి కనపడుతోందో తేదీలతో చిత్రాలన్నీ వరసగా పెట్టి పంపాను, అర్జీకి జతచేస్తాడని. అప్పటి వరకు పోయిన పంటకి నా వంతు డబ్బు పంపుతున్నాను. వాడు వద్దనలేదు.

నిన్న గట్టు మీద నుంచి ఫొటోలు తీసి పంపాడు, నాలుగు మూలలా నిలబడి, ఒక్కోదానికి లొకేషన్ పెట్టి. మూడో ఫొటోలో ఊట తడి కనిపిస్తోంది. అది నా తొమ్మిది గళ్లలో తూర్పు వైపు మూడిట్లో పడుతోంది.