ఆటల ల్యాప్‌టాప్‌కు ఉప్పుగాలి దెబ్బ: బాగుచేయించాలా? కొత్తది కొనాలా?

నెల్లూరు: మైపాడు, తుమ్మలపెంట, కృష్ణపట్నం వంటి తీరగ్రామాల్లో కాలేజీ కుర్రాళ్ళు ఏళ్ళ కిందట కొన్న గేమింగ్ ల్యాప్‌టాపులకు ఇప్పుడు ఆయాసం పట్టుకుంది. ఆట మొదలెట్టిన కాసేపటికే ఫ్యాను హోరెత్తుతుంది, అడుగుభాగం చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది, తెరమీద బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. కొత్తది కావాలని కుర్రాడి పట్టు. "ఉన్నదాన్నే బాగుచేయించుకో అబ్బయా" అని రొయ్యల గుంట లెక్కల్లో తలమునకలైన తండ్రి మాట. ఇద్దరి మాటలోనూ న్యాయం లేకపోలేదు.

ముందు మూత విప్పి చూపించాలి. డబ్బు సంగతి ఆ తర్వాత. రొయ్యల గుంటల్లో ఏరియేటర్ మోటార్లను తినే ఉప్పుగాలే ల్యాప్‌టాప్ లోపలికీ చేరుతుంది. ఫ్యానుల్లో దుమ్ము, ప్రాసెసర్‌పై ఎండిపోయిన పేస్టు మాత్రమే కారణమైతే శుభ్రం చేయించి కొత్త పేస్టు వేయిస్తే చాలు, వేడి తగ్గుతుంది. మదర్‌బోర్డు మీదే పచ్చగా చిలుము పట్టివుంటే మాత్రం దానిపై ఖర్చు పెట్టడం దండగ. ఈరోజు పనిచేసినా వచ్చే వానాకాలానికి హామీ లేదు.

బోర్డు బాగుందనుకుందాం. చాలా ల్యాప్‌టాపుల్లో మార్చగలిగేవి ర్యామ్, డిస్కు, బ్యాటరీ. పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డి పెట్టిస్తే యంత్రం తెరుచుకోవడంలోనే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ర్యామ్ 8 జీబీ నుంచి 16 చేయించినా మేలే. అయితే కృత్రిమ మేధ కేంద్రాల కొనుగోళ్ళ మూలంగా 2025 చివరిలో ప్రపంచమంతటా ర్యామ్ ధరలు బాగా ఎగబాకాయి. కాబట్టి బేరం చేసేముందు నాలుగు కొట్లు తిరగడం మంచిది.

చిక్కల్లా ఆటకు ప్రాణమైన గ్రాఫిక్స్ చిప్‌తోనే. దాన్ని సాధారణంగా బోర్డుకే అతికిస్తారు కనుక మార్చడం కుదరదు. 2017లో వచ్చిన జీటీఎక్స్ 1050 రకం చిప్ ఉన్నదాంట్లో ఎంత ర్యామ్ పోసినా నేటి భారీ ఆటలు సాఫీగా ఆడవు. నాటుపడవకు కొత్త తెరచాప కట్టి మరపడవతో పందెం వేసినట్టే!

మరొక సంగతి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసర్లనే అనుమతిస్తారు. ఏడో తరం యంత్రానికి డబ్బు పోసేముందు ఇది చూసుకోవాలి. ప్రోగ్రామింగు నేర్చుకోవడానికే అయితే అందులో ఉచితంగా దొరికే ఉబుంటు వేసుకోవచ్చు. చదువుకు ఇబ్బంది రాదు, ఆటలే కొన్ని పోతాయి. అందుకే కొత్తది దేనికి కావాలో కుర్రాడు తండ్రికి ఉన్నదున్నట్టు చెప్పాలి. చదువు పేరు చెప్పి ఆటకు అప్పు చేయించడం తగదు.

కొత్తదే కొన్నా, పాతదే ఉంచుకున్నా సముద్రం వైపు కిటికీ దగ్గర పెట్టరాదు. పని ముగిశాక, వేడి చల్లారనిచ్చి సంచిలో పెట్టాలి. ఏడాదికొకసారి విప్పి దులిపించాలి.