పిల్లల కోసం సంస్థ పెట్టాలనుకుంటే...

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో సొంతూరి పిల్లలకు ఏదైనా చేయాలని తపించేవాళ్లు ఉన్నారు. రిటైరైన టీచర్లు, విదేశాల్లో స్థిరపడినవాళ్లు, చదువు ముగించుకున్న యువకులు అందులో కనిపిస్తారు. చాలామందికి మొదట తట్టేది ఒకే ఆలోచన: జాగా కొనాలి, భవనం కట్టాలి, ముప్పై మంది పిల్లల్ని చేరదీయాలి. ఆ తపన గొప్పదే. అయితే ఆ భవనం గోడ అవతల, బడి మానేసి పత్తి ఏరుతున్న పిల్లల సంగతేమిటి? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికే దశాబ్దాలు వెచ్చించిన మనిషి ఆచార్య శాంతా సిన్హా. పిల్లల కోసం సంస్థను నడపడమంటే ఏమిటో అర్థం చేసుకోవడానికి ఆమె నడిచిన దారిని చూద్దాం.

పాఠాలు చెప్పిన చోటి నుంచి పల్లెకు

శాంతా సిన్హా 1950లో నెల్లూరులో పుట్టారు. ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం చదివి, ఢిల్లీ జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. తాతగారైన చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఎం.వి. ఫౌండేషన్ ఏర్పడింది. కార్మికుల విద్యా కార్యక్రమమైన శ్రామిక విద్యాపీఠం బాధ్యతల్లో కూలీల మధ్య పనిచేసినప్పుడు, వెట్టిలో మగ్గుతున్నవాళ్లలో పిల్లలూ ఉన్నారని ఆమె గమనించారు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఆ పిల్లల్ని విడిపించి బడికి పంపే పని మొదలైంది.

1998లో పద్మశ్రీ, 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చాయి. 2007లో కేంద్రం జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌ను ఏర్పాటు చేసి, ఆమెను తొలి అధ్యక్షురాలిగా నియమించింది. 2013 దాకా, రెండు విడతలు ఆ బాధ్యతలో ఉన్నారు. ఆమె ఢిల్లీ వెళ్లినా పల్లెల్లో సంస్థ పని ఆగలేదు. వ్యవస్థాపకులు పక్కకు జరిగినా పని సాగితేనే సంస్థ నిలిచినట్టు.

పేదరికం సాకు కాదు

నల్లగొండ పల్లెల్లో పిల్లల్ని పశువుల కాడ జీతానికి పెట్టడం పెద్దవాళ్లకు తెలిసిన సంగతే. అప్పు తెచ్చిన తండ్రి, దాని కింద కొడుకును దొర దగ్గర వదిలేవాడు. వెట్టి మీద పోరాడిన గడ్డ ఇది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కూడా వచ్చింది. అయినా, "పేదోళ్లు కదా, పిల్లలు పనిచేయకపోతే ఎట్ల బతుకుతరు?" అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

ఎం.వి. ఫౌండేషన్ ఈ మాటనే సవాలు చేసింది. బడికి పోని ప్రతి పిల్లా బాల కార్మికురాలే, పిల్లవాడూ బాల కార్మికుడే అన్నది వాళ్ల మూలసూత్రం. కూలికి పోవడమే పని కాదు. ఇంట్లో చెల్లిని ఎత్తుకుని ఉండే అమ్మాయిదీ పనే, మేకలు కాసే పిల్లవాడిదీ పనే. పిల్లలు చవగ్గా దొరికినంత కాలం పెద్దల కూలి పెరగదు. కాబట్టి బాలల చాకిరీ పేదరికాన్ని తీర్చదు, దాన్ని కొనసాగిస్తుంది. పైగా నిరుపేద తల్లిదండ్రులు కూడా చదువు కోరుకుంటారు. వాళ్లను అడ్డుకునేది తరచు బర్త్ సర్టిఫికెట్, టీసీ, ఖాళీగా ఉన్న టీచర్ పోస్టు.

ఈ పని ఎలా జరుగుతుంది

మొదటి మెట్టు లెక్క. ఊళ్లోని యువకులే ఇంటింటికీ తిరిగి, పద్నాలుగేళ్ల లోపు ప్రతి పిల్ల పేరూ రాసుకుంటారు. బడి రిజిస్టరులో ఉండి తరగతిలో లేనివాళ్లు అప్పుడు బయటపడతారు.

రెండోది బ్రిడ్జి కోర్సు. పన్నెండేళ్లు వచ్చి అక్షరం రాని పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో వారంలో మానేస్తుంది. అందుకే శిబిరంలో కొన్ని నెలలు చదువు నేర్పి, వయసుకు తగిన తరగతిలో చేరుస్తారు. 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ఇలాంటి ప్రత్యేక శిక్షణను హక్కుగా ఇచ్చింది. వయసు ధ్రువపత్రం లేదని, టీసీ రాలేదని చేర్చుకోకుండా ఉండకూడదనీ చట్టం చెబుతోంది.

మూడోది అన్నిటికన్నా కష్టం. చేరిన పిల్ల ఏడాది పొడవునా బడిలో నిలవాలి. దీని కోసం సర్పంచులు, తల్లులు, యువజనులు కలిసి బాలల హక్కుల పరిరక్షణ వేదికలుగా ఏర్పడ్డారు. ప్రభుత్వ టీచర్లు బాల కార్మిక విమోచన వేదికగా కదిలారు. సంస్థ తన సొంత బడులు పెట్టి పిల్లల్ని అక్కడే ఉంచుకోలేదు. సర్కారు బడే బాగుపడాలని పట్టుబట్టింది. మొత్తం పద్ధతికి ప్రాణం ఈ నిర్ణయమే.

మన మూడు పట్టణాల్లో

నాగార్జున సాగర్ ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు వెలిశాయి. కోదాడ ఆంధ్ర సరిహద్దున ఉంది. సూర్యాపేట విజయవాడ హైవే మీది కూడలి. మిర్యాలగూడ వైపు లంబాడీ తండాల పిల్లలతో పనిచేయాలంటే వాళ్ల భాష తెలిసిన కార్యకర్త కావాలి. మిరప కోతలకు వలస పోయే కుటుంబాల పిల్లల్ని బడిలో నిలపాలంటే, సీజను మొదలవక ముందే హాస్టల్ సీటు చూడాలి. కోదాడ నుంచి సరిహద్దు దాటిన పిల్ల కోసం రెండు రాష్ట్రాల అధికారులతో మాట్లాడాలి. 2016 అక్టోబరులో సూర్యాపేట, కోదాడ కొత్తగా ఏర్పడిన సూర్యాపేట జిల్లాలోకి వెళ్లగా, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉంది. కాబట్టి జిల్లాకొకటిగా ఉండే బాలల సంక్షేమ సమితులూ రెండు. మూడు పట్టణాల్లో పనిచేసే సంస్థకు ఇద్దరు కలెక్టర్లతో పని ఉంటుంది.

చట్టం, ఖాతా

సొసైటీగా నమోదు కావాలంటే తెలంగాణలో కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ట్రస్టుగానో, 2013 కంపెనీల చట్టం ఎనిమిదో సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీగానో కూడా నమోదు చేసుకోవచ్చు. దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు దక్కాలంటే సంస్థకు ఆదాయపు పన్ను శాఖ ఆమోదం తప్పనిసరి. రెండు వేల రూపాయలు మించిన నగదు విరాళానికి ఆ మినహాయింపు వర్తించదు. విదేశీ పౌరులు, సంస్థల నుంచి విరాళాలు తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం కింద వేరే అనుమతి ఉండాలి.

పిల్లల్ని మన దగ్గర ఉంచుకోవాలంటే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద నమోదు తప్పనిసరి. ఆదరణ లేని పిల్ల దొరికితే 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ప్రేమతోనైనా సరే, సొంత నిర్ణయంతో ఇంట్లో పెట్టుకోకూడదు. ఈ నియమం పిల్లల భద్రత కోసమే. మొదట ఆ పిల్ల కుటుంబాన్ని వెతకాలి. ఆశ్రమం చివరి దారి కావాలి. ఏ ఆపదలోనైనా 1098కి ఫోన్ చేయొచ్చు.

నడిపించడమంటే

ఇది జీవితకాలపు పని. కార్యకర్తకు నెల నెలా జీతం ఇవ్వాలి. సేవ పేరు చెప్పి ఆకలితో పనిచేయించకూడదు. దాత ఇచ్చే డబ్బు మూడేళ్లకు ఆగొచ్చు, పిల్ల చదువుకు పదేళ్లు కావాలి. కాబట్టి డబ్బు ఆగినా పని సాగేలా మొదటి రోజు నుంచే పంచాయతీని, బడి యాజమాన్య కమిటీని, తల్లుల్ని బాధ్యతలోకి తేవాలి. వ్యవస్థాపకులు తమ తర్వాత నడిపించే వాళ్లను, వీలైతే బడికి తిరిగొచ్చి చదువుకున్న పిల్లల్లోంచే, తయారు చేసుకోవాలి.

దాతలు కూడా సంస్థను చూసే తీరు మార్చుకోవాలి. ఎంతమందికి అన్నం పెట్టారని అడగడం సరే. దాంతోపాటు ఈ ఊళ్లో బడి బయట ఇంకా ఎందరున్నారు, గతేడాది చేర్చిన వాళ్లలో ఎందరు నిలిచారు, మీరు వెళ్లిపోతే ఈ పని ఎవరు చూస్తారు అని కూడా అడగాలి. ఆ మూడింటికీ పేర్లతో సహా జవాబు చెప్పగల సంస్థకు భవనం లేకపోయినా విరాళం ఇవ్వొచ్చు.