కొనువా రెక్కడ నున్నారు?

ఇంట చేసిన వస్తువును ఫోను ద్వారా అమ్ముకొనవలెనని తలపెట్టు సోదరీమణులు నేడు ప్రతి వీథిలోను కనబడుచున్నారు. దుకాణమునకు అద్దె లేదు, గడప దాటి పోవలసిన పని లేదు, 2016లో యు.పి.ఐ. వచ్చినది మొదలు సొమ్ము నేరుగ బ్యాంకి ఖాతాలో పడుచున్నది. ఈ సౌకర్యములను గూర్చి చెప్పువారు పెక్కురు. వస్తువు సిద్ధమైన పిమ్మట కొనువా రెక్కడ నుందురో, వారిని కనుగొను టెట్లో చెప్పువారు మాత్రము తక్కువ. మా యింట జరిగినదానిని బట్టి మే మా సంగతి వ్రాయదలచితిమి.

మా యన్నగారి యుద్యోగము పోయిన యేడాది, అనగా 2022 వేసవిలో, మా వదినెగారు తమ చేతిగాజులు నాలుగింటిని బ్యాంకిలో కుదువబెట్టి 40,000 రూపాయలు తెచ్చిరి. ఆ సొమ్ముతో సీసాలు, నూనె, మిరపకాయలు కొని ఊరగాయలు, పొడులు కలిపి 12 రకములు సిద్ధము చేసిరి. పిల్లవాడు ఫోటోలు తీసెను. ఫేసుబుక్కులోను, ఇన్‌స్టాగ్రాములోను పేజీలు తెరచిరి. మొదటి నెలలో 31 బేరములు వచ్చెను. ఇంటిల్లిపాదికి సంతోషమే. రెండవ నెలలో వచ్చినవి నాలుగు! లెక్కపుస్తకము తీసి పేర్లు చదివితిమి గదా, మొదటి నెలవారిలో మా పిన్నిగారు, మేనత్తగారు, అన్నగారి పాత స్నేహితులు, వదినెగారి పుట్టింటివారు తప్ప అన్యులు ఇద్దరో ముగ్గురో! వారందరు కొన్నది మొగమాటముచేత. మొగమాటముతో కొన్న సీసా నిండుకొన్నను రెండవది తెప్పించరు.

ఇక నిక్కడనే పెద్ద పొరపాటు జరిగినది. ప్రకటనలు వేయించుట వృత్తిగా గల యొకరు వచ్చి, "అమ్మా! మీ వస్తువు బాగుగనే యున్నది, చూచువారే లేరు" అని 15,000 రూపాయలు పుచ్చుకొనిరి. నెల తిరుగకుండగనే పేజీని అనుసరించువారు 6,000 దాటిరి. వచ్చిన బేరములు మూడు. ఒక మధ్యాహ్నము మేమును వదినెగారును కూర్చుండి ఆ పేర్లను పరిశీలించితిమి. పలువురు తెలుగు రానివారు. కొందరు అసలు మనుష్యులేనా యని సందేహము కలిగినది. గోంగూర యననేమో యెరుగనివారికి గోంగూర సీసా బొమ్మను వేయిసార్లు చూపిన నేమి ఫలము? నిజముగ కోరి చేరినవారికైనను మనము పెట్టిన ప్రతి బొమ్మయు కనబడునని తలపరాదు. ఎవరికి ఏది చూపవలెనో ఆ కంపెనీలు తమ లెక్కప్రకారము తామే యేర్పరచుకొనును.

ఆ రాత్రి వదినెగారు అన్నము తినలేదు. గాజుల మాట ఎవ్వరును ఎత్తలేదు.

దారి చూపినది ఒక ఫోను పిలుపు. బెంగుళూరునుండి యొక పెద్దమ్మగారు పిలిచి, "మా అమ్మాయికి ఎనిమిదవ నెలండీ. బాలింత కారము చేసి పంపగలరా? మిరపకాయ తగ్గించి, కరివేపాకు, వెల్లుల్లి హెచ్చుగా వేయవలెను" అని యడిగిరి. వదినెగారి 12 రకములలో అది పదునొకండవది. అంతవరకు దానిని ఎవరును అడిగి యుండలేదు. "చేయగలనండీ. అయినను మీవంటి పెద్దలకు ఇది తెలియని పనియా? మీరే యేల దంచుకొనరు?" అని వదినెగారు అడిగినందులకు ఆమె నవ్వి, "మేమున్నది ఏడవ అంతస్తమ్మా. రోలు పెట్టిన క్రిందియింటివారు ఊరకుందురా? మంచి పిప్పళ్లు ఇచ్చట ఎక్కడ దొరకునో తెలియదు. నాకును ఉద్యోగమే, సెలవు రెండు వారములే" అనిరి.

ఈ మాటలలో మా వదినెగారికి కావలసిన దంతయు నున్నది. తినవలసినది కూతురు, వెదకునది తల్లి. ఆమెకు చేయుట తెలియును గాని చేయుటకు చోటును, తీరికయు లేవు. రుచి యెట్లుండవలెనో ఎరిగిన మనిషి గనుక ధర కంటె నమ్మకము నెక్కువగ చూచును. ఇట్టివారు ఎందరో యుండి యుందురు గదా!

మరునాడు వదినెగారు బంధువులను విడిచి, తక్కిన కొన్నవారి నందరిని, తొమ్మండుగురే యైనను, స్వయముగ పిలిచిరి. "బాగున్నదా?" అని యడుగవలదని మేము ముందుగనే చెప్పితిమి. ఆ ప్రశ్నకు ఎవరైనను బాగున్నదనియే చెప్పుదురు. "మా వస్తువు దొరకక ముందు ఏమి చేసెడివారు? దేని కొరకు వెదకుచు మా వద్దకు వచ్చితిరి?" అని యడిగించితిమి. తొమ్మండుగురిలో నలుగురు ఇంట ప్రసవమునకు వచ్చిన పిల్ల కొరకే ఏదో యొక పొడి తెప్పించిరని తేలినది. అప్పుడు వదినెగారు 12 రకములలో తొమ్మిదింటిని మానివేసి, కరివేపాకు కారము, శొంఠిపొడి, వాముపొడి మాత్రము నిలుపుకొనిరి. ఆవకాయ మానుట వారికి ప్రాణసంకటమే యైనది. ఏమి చేయుదుము? ఆవకాయ అమ్మువారు ఊరికి నూర్గురున్నారు.

ఈ సందర్భమున లిజ్జత్ అప్పడముల కథ జ్ఞప్తికి వచ్చుచున్నది. 1959లో బొంబాయి గిర్‌గాంలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పుతెచ్చి, మేడమీద అప్పడము లొత్తిరి. బొంబాయి నగరమంతటికిని చాటింపు వేయలేదు. ఎరిగిన వర్తకునికి నాలుగు పొట్లము లిచ్చిరి. అచ్చట కుదిరిన పిమ్మటనే తక్కినది. ఫోను చేతిలో నున్నంత మాత్రమున ఈ క్రమము మారలేదని మా యభిప్రాయము.

కొనువారు తల్లులని తెలిసిన పిమ్మట వారుండు తావులు తెలియుట కష్టము కాలేదు. ఇన్‌స్టాగ్రాములో కంటె వాట్సాపులోని కుటుంబ బృందములలో వారు హెచ్చు. సీమంతము పేరంటములలో ఇంకను హెచ్చు. ఎరిగినవారి యింట సీమంతము జరిగినప్పుడెల్ల తాంబూలముతో పాటు ఇచ్చుటకు 25 గ్రాముల పొట్లములు వదినెగారు పంపసాగిరి. పేజీకి పూర్వముండిన అందమైన సంస్కృతనామమును తీసివేసి "బాలింత కారము" అనియే పెట్టిరి. అవసరము గలవారు ఆ మాటతోనే గదా వెదకుదురు! తెలుగు మాటనే ఆంగ్లాక్షరములతో వ్రాసి వెదకువారును కలరు. కనుక ఆ తీరునను వ్రాసి యుంచిరి.

వాట్సాపులో వర్తకుల కొరకు 2018నుండి ప్రత్యేకమైన యాప్ ఉన్నది. దానికి రుసుము లేదు. అందు పలువురకు ఒకేసారి వార్త పంపు జాబితా నేర్పరచుకొనవచ్చును. కాని మన నంబరును తమ ఫోనులో దాచుకొన్నవారికే ఆ వార్త చేరును. ఇది తెలియక వదినెగారు మూడు నెలలు గాలిలోనికి వార్తలు పంపిరి! ఇప్పుడు ప్రతి పార్సెలులోను, "ఈ నంబరును మీ ఫోనులో దాచుకొనుడు" అను చీటి యుండును.

చట్టమును గూర్చి రెండు మాటలు. తినుబండారములు అమ్ముటకు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారివద్ద నమోదు కావలెను. వారిచ్చు 14 అంకెల సంఖ్యను పొట్లముపై అచ్చువేయవలెను. ఈ పొడి ఫలానా వ్యాధిని కుదుర్చునని వ్రాయరాదు. బాలింతలు తినునది గనుక ఈ విషయమున వదినెగారికంటె మాకే భయ మెక్కువ. ఎవరైనను వైద్యపుమాట అడిగినచో డాక్టరుగారిని అడుగుడని చెప్పించుచున్నాము. కారము కొన్నవారే కొన్నాళ్లకు పసిపిల్లలకు ఉగ్గుపొడి కూడ అడుగసాగిరి. వదినెగారు చేయుటకు ఉత్సాహపడిరి గాని మేమే అడ్డుపడితిమి. రెండేండ్ల లోపు శిశువుల యాహారమును గూర్చి ప్రకటన చేయుటను 1992 నాటి చట్టము నిషేధించినది. ఎదుట నిలిచిన బేరమును వదలుకొనుట ఎంత కష్టమో ఆ దినమున చూచితిమి.

ఇప్పుడు నెలకు 60 బేరముల వరకు వచ్చుచున్నవి. రెండు గాజులు 2024లో విడిపించిరి. తక్కిన రెండును బ్యాంకిలోనే యున్నవి. ఈ వ్యాపారములో నొక చిక్కు కలదు: బాలింతకు నాలుగైదు నెలలు గడచిన పిమ్మట ఆ యింట ఈ పొడితో పని యుండదు. ఎంత నమ్మకముగల కొనుగోలుదారైనను చేయి జారిపోవును. నెలనెలా క్రొత్తవారిని వెదకవలసినదే. అందుచేత వదినెగారు కడపటి పార్సెలు పంపునప్పుడు తల్లిగారికి ఫోను చేసి, పసిబిడ్డ క్షేమ మడిగి, "మీ చుట్టములలోగాని, వియ్యాలవారి వైపునగాని ఎవరికైన నెలలు నిండుచున్నవా అమ్మా?" అని విచారించుచున్నారు. నిన్నటి దినమున అట్లడుగగా రాజమహేంద్రవరములో ఇద్దరున్నారని తెలిసినది. ఈ రోజు ప్రొద్దుట కరివేపాకు ఎండబెట్టిరి.