తానే నేర్చుకునే యంత్రం: తప్పెవరిది?

పిల్లలకు నేర్పినట్టే నేడు యంత్రాలకూ వేల ఉదాహరణలు చూపి నేర్పుతున్నారు. 2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టెంపే పట్టణంలో, ఊబర్ సంస్థ పరీక్షిస్తున్న స్వయంచాలక కారు సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటే స్త్రీని ఢీకొని చంపింది. 5.6 సెకండ్ల ముందే ఆమెను కనిపెట్టింది. కాని వాహనమని, ఏదో వస్తువని, సైకిలని పేర్లు మార్చింది. మనిషి అనుకోలేదు. దాటుచోటు కానిచోట మనుషులు దాటుతారన్న ఆలోచనే అందులో లేదని 2019లో జాతీయ రవాణా భద్రతా మండలి తెలిపింది. కారులో ఫోను చూస్తూ కూర్చున్న ఉద్యోగినికి 2023లో శిక్ష పడింది. సంస్థపై నేరారోపణ లేదు.

తోటల రిజిస్టర్లలో మన పెద్దలూ నంబర్లే. శిష్యుడు తప్పితే గురువునూ అడుగుతాం. యంత్రం తప్పితే, నేర్పినవారిని అడగవద్దా?