గ్రాఫిక్స్ కార్డు మళ్లీ మళ్లీ పాడవుతుంటే: కారణాన్ని వెతికే పద్ధతి

ఇంటి కంప్యూటరులో ఒక గ్రాఫిక్స్ కార్డు పాడైతే, అది ఆ కార్డులోని లోపమే అనుకోవచ్చు. కొద్ది నెలల తేడాలో రెండోది, ఆ తరవాత మూడోది పోతే ఆ అభిప్రాయం నిలవదు. కార్డులు మారాయి, కంపెనీలు కూడా మారి ఉండవచ్చు. కానీ ఎస్.ఎం.పి.ఎస్., మదర్ బోర్డు, గోడ సాకెట్టు, గదిలోని గాలి, టీవీకి వెళ్లే కేబులు మారలేదు. కనుక నేరాన్ని మారని వాటిలో వెతకాలి. మధ్యరకం కార్డు ఒక్కటే ఇరవై, ముప్పై వేల రూపాయలు ఉంటుంది. కారణం తెలియకుండా నాలుగోది కొనడం ఆ సొమ్మును అదే గోతిలో వేయడమే.

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడులో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఇంటిని ఉదాహరణగా ఊహించుకుందాం. ఆటల కోసం కంప్యూటరు కట్టించుకున్నారు. గది కిటికీ తీస్తే సముద్రపు గాలి వస్తుంది. ఇదే మండలంలోని నౌపడలో ఉప్పు మడులు ఉన్నాయంటే ఆ గాలి ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

పోయిందా, పోయినట్టు కనిపిస్తోందా?

ముందుగా తేల్చవలసింది ఇది. పాత కార్డును మరో మంచి కంప్యూటరులో పెట్టి చూడాలి. అక్కడ గంటసేపు ఆట నడిచినా ఇబ్బంది లేకపోతే కార్డు బాగానే ఉంది, తప్పు మీ పెట్టెలో ఉంది. అయితే కార్డు తగిలించగానే కంప్యూటరు అసలు ఆన్ కాకుండా ఆగిపోతుంటే, కార్డులోనే షార్టు ఉండవచ్చు. అలాంటి దాన్ని ఇతరుల యంత్రంలో పెట్టవద్దు, మరమ్మతు దుకాణంలో మీటరుతో చూపించండి.

లక్షణాలను కూడా రాసుకోవాలి. తెరపై రంగురంగుల గళ్లు, చారలు కనిపిస్తే కార్డు మెమరీని అనుమానించాలి. ఆట మొదలైన కొద్దిసేపటికే తెర నల్లబడితే వేడినీ, కరెంటు సరఫరానూ చూడాలి. చల్లగా ఉన్నప్పుడు పనిచేసి వేడెక్కాక మాయమైతే చిప్ కింది సోల్డరు అతుకుల్లో పగులు ఉండవచ్చు. రోజూ వేడెక్కి చల్లారే క్రమంలో ఈ అతుకులు అలసిపోతాయి. 2008 జులైలో ఎన్విడియా సంస్థ తన ల్యాప్‌టాప్ చిప్పుల ప్యాకేజీ పదార్థంలో బలహీనత ఉందని ఒప్పుకొని, 15 నుంచి 20 కోట్ల డాలర్ల వరకు ఖర్చు చూపింది. అంటే కొన్నిసార్లు తప్పు నిజంగా తయారీదారుదే. కానీ వరుసగా మూడు వేర్వేరు కార్డులకు అదే జరిగే అవకాశం తక్కువ.

పన్నెండు వోల్టుల దారి

కార్డుకు మదర్ బోర్డు స్లాటు నుంచి గరిష్ఠంగా 75 వాట్లు, ఎనిమిది పిన్నుల కనెక్టరు నుంచి 150 వాట్లు అందుతాయి. రెండూ కలిపి 225 వాట్లు. 12 వోల్టుల వద్ద దాదాపు 19 ఆంపియర్లు అన్నమాట. ఇంత కరెంటు పారే చోట పిన్ను కొంచెం వదులైనా అక్కడ వేడి పుడుతుంది, ప్లాస్టిక్కు కరుగుతుంది. కనెక్టరు పిన్నులు గోధుమరంగుకు తిరిగాయేమో చూడండి.

ఆట నడుస్తుండగా 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి. అంతకన్నా పడిపోతుంటే ఎస్.ఎం.పి.ఎస్. మార్చాలి. పెట్టెపై రాసిన వాట్ల అంకెను మాత్రమే నమ్మి చవకరకం కొనడం మన ఊళ్లలో మామూలైపోయింది. మరో ప్రమాదం చాలామందికి తెలియదు. ఒక కంపెనీ ఎస్.ఎం.పి.ఎస్.తో వచ్చిన విడి కేబుళ్లను మరో దానికి తగిలించకూడదు. మొన ఆకారం సరిపోయినా లోపలి తీగల వరుస వేరుగా ఉండవచ్చు. ఆన్ చేసిన క్షణంలోనే కార్డు కాలిపోతుంది.

ఎర్తు లేని ఇల్లు

తీర గ్రామాల్లో అన్నిటికన్నా ముందు అనుమానించవలసింది ఇదేనని చెప్పాలి. కేబినెట్టును తాకితే వేళ్లు జివ్వుమంటున్నాయా? ఎస్.ఎం.పి.ఎస్. లోపల ఫేజుకు, న్యూట్రలుకు మధ్య రెండు చిన్న కెపాసిటర్లు వరుసగా ఉండి, వాటి నడిమి బిందువు కేబినెట్టుకు కలిసి ఉంటుంది. ఎర్తు ఉంటే అక్కడి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే కేబినెట్టు 230 వోల్టుల్లో సగం, అంటే సుమారు 115 వోల్టుల వద్ద తేలుతూ ఉంటుంది. కరెంటు స్వల్పం కాబట్టి మనిషికి జివ్వుమనడంతో సరిపోతుంది.

ఇప్పుడు ఆ కంప్యూటరును పెద్ద టీవీకి హెచ్.డి.ఎం.ఐ. తీగతో కలిపారనుకోండి. టీవీకి సెట్‌టాప్ బాక్సు, దానికి వీధి స్తంభం నుంచో డాబా మీది డిష్ నుంచో వచ్చే కేబులు ఉంటాయి. తీగ గుచ్చే క్షణంలో రెండు వైపుల మధ్య ఉన్న వోల్టేజీ తేడా కార్డు పోర్టు గుండా సర్దుకుంటుంది. పిడుగు దగ్గరలో పడితే అదే దారిలో సర్జ్ వస్తుంది. ప్లగ్గు తీసేసినా హెచ్.డి.ఎం.ఐ. తీగ ఉంచేస్తే రక్షణ లేనట్టే. మూడు కార్డులూ ఒకే పోర్టు వద్ద చచ్చిపోయి ఉంటే ఈ కారణం దాదాపు ఖాయం.

ఎలక్ట్రీషియనుతో సాకెట్టు వద్ద మూడు కొలతలు తీయించండి. ఫేజు-న్యూట్రలు, ఫేజు-ఎర్తు రెండూ దాదాపు సమానంగా ఉండాలి. న్యూట్రలు-ఎర్తు రెండు మూడు వోల్టులకు మించకూడదు. తెగిపోయిన ఎర్తు మీద డిజిటల్ మీటరు కొన్నిసార్లు దొంగ అంకె చూపుతుంది కనుక లోడు పెట్టి కూడా చూడమనండి. ఉప్పునేలలో ఎర్తు పైపు త్వరగా తుప్పు పడుతుంది. పైన బిగించిన నట్టు ముందే పోతుంది. కట్టినప్పుడు వేసిన ఎర్తు పదేళ్ల తరవాతా ఉందని అనుకోకూడదు.

తుపాన్ల తరవాతి రోజుల్లో ఇంకో జాగ్రత్త అవసరం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఈ ప్రాంతంలో స్తంభాలు నేలకూలాయి. అలా తెగిన లైన్లను కలిపేటప్పుడు న్యూట్రలు సరిగా పడకపోతే, తక్కువ లోడు ఉన్న ఫేజు మీది ఇళ్లకు 300 వోల్టులు దాటి కూడా రావచ్చు. కరెంటు వచ్చిందని వెంటనే కంప్యూటరు పెట్టకుండా, బల్బులు మరీ ప్రకాశంగా ఉన్నాయేమో చూసి వోల్టేజీ కొలవండి.

ఉప్పు, తేమ

గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు రేణువు నీటిని పీల్చుకొని ద్రవమవుతుంది. ఆ ఉప్పునీరు కరెంటును పారనిస్తుంది. కార్డు మీద పేరుకున్న దుమ్ములో ఉప్పు ఉంటే తీరంలో చాలా రాత్రులు అది తడి పొరగా మారుతుంది. పిన్నుల దగ్గర ఆకుపచ్చని పొక్కులు కనిపిస్తే రాగి తుప్పు పట్టినట్టు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, మెత్తని బ్రష్షుతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. రబ్బరుతో గట్టిగా రుద్దే అలవాటు మంచిది కాదు, పైనున్న పల్చని బంగారు పూత అరిగిపోతుంది. పెట్టెను కిటికీ ఎదుట, నేలమీద ఉంచకండి. వాడని రోజుల్లోనూ కాసేపు ఆన్‌లో ఉంచితే లోపలి వెచ్చదనానికి తేమ చేరదు.

కొత్త కార్డు పెట్టే ముందు

ఒకసారి ఒక్కటే మార్చాలి. ఎర్తు, ఎస్.ఎం.పి.ఎస్., కేబులు ఒకేరోజు మార్చేస్తే సమస్య పోయినా ఏది కారణమో తెలియదు. అయితే ఎర్తు విషయంలో ఈ నియమం కోసం ఆగనక్కరలేదు. అది మనుషుల ప్రాణానికి సంబంధించినది, ముందే బాగుచేయించాలి. ఆ తరవాత పాత చవక కార్డు ఒకటి పెట్టి రెండు మూడు వారాలు నడిపి, తేదీ, ఉష్ణోగ్రత, 12 వోల్టుల కొలత రాసుకోండి. ఖరీదైన కార్డు అప్పుడు కొనవచ్చు. తుప్పు, కాలిన గుర్తులు ఉన్న కార్డులకు సాధారణంగా వారంటీ వర్తించదు కాబట్టి, పెట్టే ముందు దాని ఫోటోలు తీసి ఉంచండి.

అభ్యాసం: ఒక ఇంట్లో ఫేజు-న్యూట్రలు 228, ఫేజు-ఎర్తు 110, న్యూట్రలు-ఎర్తు 118 వోల్టులు చూపాయి. కంప్యూటరును టీవీకి కలిపిన రోజే కార్డు పోయింది. కారణాన్ని ఐదు వాక్యాల్లో వివరించి, ముందుగా ఏం చేయాలో రాయండి.