యుద్ధకళల శిక్షణ - బాలల ఆత్మవిశ్వాసం

కరాటే, జూడో, తైక్వాండో, కర్రసాము, విలువిద్య మొదలైన పోరాట విద్యలను గురువు సమక్షంలో నియమబద్ధంగా అభ్యసించటాన్ని యుద్ధకళల శిక్షణ అంటారు. యుద్ధరంగంలో వీటి అవసరం ఏనాడో తీరిపోయింది. అయినా ఇవి పాఠశాలల్లో నిలిచి ఉండటానికి కారణం పిల్లల దేహదారుఢ్యం, నడవడి, ఆత్మవిశ్వాసాల మీద వీటికి గల ప్రభావమే. ఆ ప్రభావం ఎలా కలుగుతుందో, ఏ పరిస్థితుల్లో కలగదో ఖమ్మం - భద్రాచలం అటవీ ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠశాలల్లో ప్రవేశం

ఒకినావా ద్వీపంలో చాటుమాటుగా నేర్చుకునే విద్యగా ఉన్న కరాటేను 1901 ప్రాంతంలో ఇటోసు అంకో అనే గురువు పాఠశాల పిల్లలకు నేర్పటం మొదలుపెట్టాడు. పాత అభ్యాసాలు పిల్లలకు కఠినమైనవని భావించి "పినాన్" అనే అయిదు సులభమైన అభ్యాసక్రమాలను కూర్చాడు. ఆయన శిష్యుడు, 1922లో టోక్యోలో కరాటేను ప్రదర్శించి జపానుకు పరిచయం చేసిన గిచిన్ ఫునాకోషి వృత్తిరీత్యా బడిపంతులు. 1882లో జూడోను స్థాపించిన జిగోరో కానో కూడా విద్యావేత్తే. అనగా ఈ రెండు విద్యలూ నేటి రూపం దాల్చినది సైనికుల చేతుల్లో కాదు, ఉపాధ్యాయుల చేతుల్లో.

ఆత్మవిశ్వాసం ఎలా కలుగుతుంది

"నేను ఈ పని చేయగలను" అనే నమ్మకం గురించి మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. దాని ప్రకారం ఈ నమ్మకానికి ఆధారాలు నాలుగు: స్వయంగా సాధించిన అనుభవం, తనవంటి వారు సాధించటం చూడటం, ఇతరుల ప్రోత్సాహం, తన శరీర స్థితిని తాను గ్రహించే తీరు. వీటిలో మొదటిదే అన్నిటికంటే బలమైనది. పొగడ్తతో వచ్చిన ధైర్యం పరీక్ష ఎదురైనపుడు నిలవదు. నిన్న పట్టు తప్పిన కాలు ఈనాడు నిలబడటం మాత్రం పిల్లవాడు స్వయంగా ఎరిగిన విషయం, దానిని ఎవరూ కాదనలేరు. తెలుపుతో మొదలై నలుపు వరకు సాగే బెల్టుల పద్ధతి ఇటువంటి చిన్న చిన్న విజయాలను కంటికి కనబడేటట్లు చేస్తుంది.

అటవీ ప్రాంతపు పిల్లలు

చర్ల, దుమ్ముగూడెం వంటి మండలాల్లోని కోయ గూడేల పిల్లలు అనేకులు చిన్న వయసులోనే ఇల్లు విడిచి ఆశ్రమ పాఠశాలల్లో చేరుతారు. ఇంట్లో మాట్లాడే కోయ గోండీకి దగ్గరి భాష, బడిలో బోధన తెలుగులో. సుమారు 2005 నుండి ఛత్తీస్‌గఢ్ హింస వలన ఇటు వలస వచ్చిన గుత్తికోయల పిల్లలకు ఈ దూరం మరింత ఎక్కువ. ఇటువంటి పిల్లవాడు తరగతిలో మౌనంగా ఉంటే మందమతి అనుకోవటం పరిపాటి. నిజానికి అతనికి లేనిది తెలివి కాదు, మాట.

వ్యాయామ మైదానంలో ఈ లోటు చాలావరకు తొలగిపోతుంది. కరాటే తరగతిలో "ఇచి, ని, సాన్" అని జపాను భాషలో లెక్కించటం వాడుక. ఆ మాటలు పట్నపు పిల్లవాడికి ఎంత కొత్తవో గూడెం పిల్లవాడికి కూడా అంతే కొత్తవి. పాఠం చెవితో కంటే కంటితో సాగుతుంది. తెలుగు వాచకంలో వెనుకబడినవాడు ఇక్కడ ముందు వరుసలో నిలబడవచ్చు. గురువు ఎదుట నిటారుగా నిలిచి గట్టిగా కేక వేయటం అభ్యాసంలో భాగం కనుక, నోరు విప్పటానికి జంకే పిల్లలకు అది మొదటి మెట్టు అవుతుంది.

విల్లంబులు కోయ సంస్కృతిలో భాగమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేటకు చోటు లేకపోయినా, విలువిద్యను క్రీడగా నేర్పినపుడు తాతల విద్య బడిలో గౌరవం పొందుతుంది. పరాయి విద్య నేర్చుకోవటం కంటే ఇది ఒక విధంగా మిన్న.

బాలికల కొరకు సమగ్ర శిక్షా పథకం క్రింద రాణి లక్ష్మీబాయి పేరిట ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుండి 12 తరగతుల వారికి మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఏర్పాటు ఉంది. మెలకువలు పరిచయం కావటానికి మూడు నెలలు చాలు. అలవాటుగా స్థిరపడటానికి చాలవు.

యుద్ధకళ కాకపోయినా, శిక్షణ ఏమి చేయగలదో తెలిపే ఉదాహరణ ఈ ప్రాంతంలోనే ఉంది. చర్ల ప్రాంతానికి చెందిన సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్, నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణతో కలసి 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించాడు. వీరి శిక్షణ మొదలైనది హిమాలయాల్లో కాదు, భువనగిరి గుట్ట మీద. అక్కడి నుండి డార్జిలింగ్, లడఖ్‌లకు మెట్టుమెట్టుగా సాగింది.

పరిశోధనలు, పరిమితులు

అన్ని రకాల శిక్షణ ఒకే ఫలితం ఇవ్వదు. 1986లో మైకేల్ ట్రుల్సన్ అమెరికాలో దుష్ప్రవర్తన గల కిశోరుల మీద జరిపిన ఆరు నెలల పరిశీలనలో, ధ్యానం, మర్యాద, నీతిబోధలతో కూడిన సంప్రదాయ తైక్వాండో నేర్చిన వారిలో దూకుడు తగ్గింది, ఆత్మగౌరవం పెరిగింది. కేవలం కొట్లాట మెలకువలు నేర్చిన వారిలో దూకుడు పెరిగింది. 2004లో లేక్స్, హోయిట్‌లు ప్రచురించిన పాఠశాల అధ్యయనంలో మూడు నెలల శిక్షణ తరువాత పిల్లల స్వీయనియంత్రణ మెరుగుపడింది. 2005లో నార్వేకు చెందిన ఎండ్రెసెన్, ఓల్వియస్‌లు మాత్రం బాక్సింగు, కుస్తీ, యుద్ధకళల వంటి బలప్రధాన క్రీడల్లో చేరిన బాలురలో సంఘవ్యతిరేక ప్రవర్తన పెరిగిందని తేల్చారు. కనుక "కరాటే నేర్పితే పిల్లలు బాగుపడతారు" అనే ప్రకటన సగం సత్యమే. ఏమి నేర్పుతున్నారు అనే దానికంటే ఎవరు, ఎలా నేర్పుతున్నారు అనేది ముఖ్యం.

తలకు తగిలే దెబ్బలు పిల్లలకు ప్రమాదకరం. అమెరికా శిశువైద్యుల అకాడమీ 2016 నివేదిక దెబ్బ తగలని అభ్యాసాలనే పిల్లలకు సిఫారసు చేసింది. పెంకులు పగులగొట్టటం, పొట్ట మీదుగా మోటారు సైకిలు నడిపించుకోవటం వంటి వార్షికోత్సవ ప్రదర్శనలకూ ఆత్మవిశ్వాసానికీ సంబంధం లేదు. భయపడుతున్న పిల్లవాడిని బలవంతంగా పోటీలో దించితే, ఓటమి అతని పాత భయాన్నే రూఢి చేస్తుంది. మొదటి నెలల్లో జోడీ పోరు లేకుండా నిలకడ, పడే పద్ధతి, ఒంటరి అభ్యాసాలు మాత్రమే నేర్పటం మంచి గురువులు పాటించే పద్ధతి.